కర్నూలులో గుహ లోపల మెక్సికన్ హోటల్ - రెండుసార్లు పోయొచ్చి రాస్తున్నా

ఎండాకాలం మొదలైనప్పటి నుంచి మా ఆఫీసులో ఒకటే మాట, గుహ హోటల్‌కి పోయినారా, గుహ హోటల్‌కి పోయినారా అని. కర్నూలులో మెక్సికన్ హోటల్ ఏంది, అదీ గుహ మాదిరి కట్టడమేంది అని నేను మొదట పట్టించుకోలేదు. థీమ్ హోటళ్ల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు, ఇంతకుముందు ఒక ఊళ్లో జైలు మాదిరి కట్టిన హోటల్‌కి పోతే కటకటాల వెనకాల కూర్చోబెట్టి చల్లారిపోయిన నాన్ పెట్టినారు, ఫోటోలు వచ్చినాయి గానీ కడుపు నిండలేదు. ఇది అట్లాంటిది కాదు. రెండుసార్లు పోయినా, ఒకసారి ఇంట్లోవాళ్లతో ఆదివారం మధ్యాహ్నం, ఇంకోసారి ఆఫీసు ఫ్రెండ్‌తో బుధవారం రాత్రి. బాగున్నవీ బాగాలేనివీ రెండూ రాస్తా, పొడుగైతే ఏమనుకోవద్దు.

పేరు రాయడం లేదు, ఎందుకంటే కంప్లైంట్లు కూడా ఉన్నాయి, కొత్తగా పెట్టుకున్న పిల్లలు, పేరు పెట్టి రాసి వాళ్ల వ్యాపారం దెబ్బతీయడం నాకిష్టం లేదు. నంద్యాల చెక్‌పోస్ట్ వైపు ఆటో ఎక్కి గుహ హోటల్ అంటే చాలు, తెచ్చి దింపుతారు.

బయట నుంచి చూస్తే ఏమీ ఉండదు. మామూలు రెండంతస్తుల బిల్డింగు, పైన ఏదో ట్యూషన్ సెంటర్, పక్కన టైర్ల షాపు. హోటల్ ఉండేది సెల్లార్‌లో. మేం పోయిన ఆదివారం బయట నలభై మూడు డిగ్రీలు, బండి సీటు మీద చెయ్యి పెడితే కాలిపోతాంది, మెట్లు దిగడం మొదలుపెట్టినాం, ఒక్కో మెట్టుకీ వెలుతురు తగ్గుతా వస్తాది, చెవుల్లో రోడ్డు రొద తగ్గుతా వస్తాది, చివర్లో తల వంచుకుని దూరాల్సినంత చిన్న వాకిలి. అది దాటంగానే కప్పు ఒక్కసారిగా పైకి లేస్తాది, మధ్యలో గుండ్రంగా నీళ్ల గుండం, సరిగ్గా దాని పైన కప్పులో గుండ్రటి బొక్క, దానికి అద్దం వేసినారు, అందులోంచి ఎండ నిలువుగా దిగి నీళ్లలో పడుతుంది. ఆ నీళ్ల మీది వెలుగు గోడల మీద కదులుతా ఉంటే మా పాప నోరు తెరుచుకుని అట్లనే నిలబడిపోయింది. బొక్క అంచు నుంచి మర్రి ఊడల మాదిరి తాళ్లు వేలాడదీసినారు, కొసలు నీళ్లను తాకుతుంటాయి. ఇదంతా చూడాలంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర లోపల పోవాల, ఆ తర్వాత ఎండ పక్కకి జరిగిపోతుంది. రాత్రి పోతే నీలం లైట్లు వేస్తారు, అదీ బాగానే ఉంటుంది గానీ పగలు ఉన్నంత లేదు.

ఇది ఊరికె గుహ కాదంట, సెనోటే అంట. గోడకి తెలుగులో ఒక బోర్డు పెట్టినారు, ఇంటికొచ్చినాక నేను కూడా రోంత చదివినా. మెక్సికోలో యుకటాన్ అనే ద్వీపకల్పం ఉంది, ఆడ నేలంతా సున్నపురాయే, పైన పారే నదులు దాదాపు లేవు, పడిన వాన నీళ్లన్నీ రాతిలోకి ఇంకిపోయి రాయిని కరిగించుకుంటా కింద గుహలు చేస్తాయి, ఎప్పుడో ఒకప్పుడు ఆ గుహ కప్పు కూలిపోయి కింద నీళ్లు బయటపడతాయి, ఆ నీళ్ల గుండాన్నే సెనోటే అంటారు. ఒకప్పుడు ఆడ ఉన్న మాయా అనే జాతి జనాలకి తాగునీళ్లు దాదాపుగా ఇవే. చిచెన్ ఇట్జా అనే వాళ్ల పాత పట్నంలో ఒక సెనోటేని పవిత్రంగా చూసుకుని అందులో కానుకలు వేసేవాళ్లు.

ఇది చదువుతుంటే కర్నూలు వాళ్లకి బెలుం గుర్తుకు రాకుండా ఎట్లుంటుంది? కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు కూడా సున్నపురాతిలో నీళ్లు తొలిచినవే, 3,229 మీటర్ల పొడవు, అట్టడుగున పాతాళగంగ. బోర్డు మీద రెండు గుహల బొమ్మలూ పక్కపక్కన వేసినారు, ఒకటి మన బెలుం, ఇంకోటి యుకటాన్‌లో నీళ్లలో మునిగి ఉండే సాక్ ఆక్తున్ అనే గుహ, అది 2018లో కొలిస్తే 347 కిలోమీటర్లు తేలిందంట. పెట్టిన వాళ్లు ఎవరో గానీ బుర్ర పెట్టి ఆలోచించినారు. మెక్సికో అంటే పెద్ద టోపీ, మీసాలు, గిటారు అని గోడకి అంటించేసి ఊరుకోకుండా, మన సీమ నేలకీ ఆ దేశం నేలకీ ఉన్న చుట్టరికం పట్టుకున్నారు. నిజం బెలుంలో లోపలికి పోయేకొద్దీ ఉక్క, చెమటలు, గాలి గొట్టాల కింద నిలబడితే గానీ ప్రాణం కుదుటపడదు, ఇక్కడ ఏసీ ఉంది కాబట్టి ఆ బాధ లేదు.

ఒక్క మూల మాత్రం నాకు నచ్చలేదు. బాత్రూముల పక్కన ఎడారి బొమ్మ వేసి చేతులెత్తినట్టు ఉండే పెద్ద పెద్ద బ్రహ్మజెముడు చెట్లు పెట్టినారు. ఆ చెట్లు ఉత్తరాన సొనోరా ఎడారివి, సెనోటేలు ఉండేది ఆ చివర పచ్చటి అడవుల్లో. ఇంత శ్రద్ధగా కట్టినోళ్లు ఆ గోడ ఎందుకట్లా వదిలేసినారో, తీసేస్తే బాగుంటుంది.

ఇప్పుడు రాయి గురించి చెప్పాల. మా నాయన బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు పనిచేసినాడు, అందుకని మా ఇంట్లో ఎవరం యాడికి పోయినా ముందు కింద బండ చూస్తాం. ఇక్కడ గోడలు నడుము ఎత్తు వరకూ నిజం నాపరాయి, పాలిష్ పట్టకుండా గనిలోంచి పొరలు లేచినది లేచినట్టే పేర్చినారు, దానిపైన కోళ్ల జాలీ కట్టి సిమెంటు మెత్తి రంగేసినారు, వేలితో తట్టితే డొల్ల శబ్దం వస్తుంది, తట్టకపోతే రాయి యాడ ఆగిందో సిమెంటు యాడ మొదలైందో నాకే దొరకలేదు. టేబుళ్లు మాత్రం ఒకే బండ, రెండు అంగుళాల మందం, అంచులు మిషన్‌తో కొయ్యకుండా సుత్తితో కొట్టినవి. అమ్మ కూర్చోగానే అరచేత్తో టేబుల్‌ని ఒకసారి ఇట్లా నిమిరింది. చల్లనీళ్ల గ్లాసు పెట్టినారు, గ్లాసు చెమట కారి కింద గుండ్రంగా తడి అయింది, ఆ తడి అయిన చోట బూడిద రంగు బండ లోపలి నుంచి ముదురు నీలం, దానిమీద సన్నటి పసుపు చార తేలినాయి. నాయన కూడా కొనేవాళ్లు వస్తే చెంబుతో నీళ్లు పోసి చూపించేవాడు, తడిపితేనే రాయి మొహం కనపడేది అనేవాడు. అమ్మ ఏం మాట్లాడలేదు, గ్లాసు ఎత్తి ఇంకో చోట పెట్టింది, మళ్లీ ఇంకో చోట పెట్టింది, అట్లా టేబుల్ మీద నాలుగు తడి సున్నాలు చేసి చూసుకుంటా కూర్చుంది.

సరే తిండికి వస్తా. అసలు నేను ఇంత రాయడానికి కారణం తిండే, అందులోనూ ఒక్క ఐటమ్, టోర్టియా.

మనకి తెలిసిన మెక్సికన్ అంటే ఏంది, మాల్‌లో ఇచ్చే మైదా చపాతీలో అన్నం చుట్టిన చుట్ట, లేదంటే గట్టిగా కరకరలాడే పెంకు. ఇక్కడ ఇచ్చేది మొక్కజొన్నతో చేసే రొట్టె, అరచెయ్యంత, మెత్తగా, వేడిగా, గుడ్డలో చుట్టి గంపలో పెట్టి తెస్తారు. గుడ్డ విప్పంగానే వాన పడిన మట్టి వాసన, పేలాల వాసన, దాంతోపాటు ఇంకేదో తెలిసిన వాసన, ఏందో పట్టుకోలేకపోయినా. అమ్మ పట్టుకుంది. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, "రేయ్, దీంట్లో సున్నం ఉంది కదరా" అన్నది.

నేను నమ్మలేదు. సర్వ్ చేసే తమ్ముణ్ణి పిలిచి అడిగితే వాడు లోపలికి పోయి వంటాయనని తెచ్చినాడు. ఆదోని అబ్బాయి, ముప్పై ఏళ్లు ఉండొచ్చు, బెంగళూరులో పనిచేసి వచ్చినాడంట. అమ్మ మాట వినంగానే మొహం వెలిగిపోయింది. "అమ్మా, హోటల్ పెట్టి ఆరు నెలలైంది, తిని కనుక్కున్నది మీరొక్కరే" అన్నాడు. లోపలికి రండి చూపిస్తా అని అమ్మనీ నన్నూ వంటింట్లోకి పిలుచుకుపోయినాడు.

ఎండు మొక్కజొన్నలు, నంద్యాల వైపు రైతుల దగ్గర తెచ్చుకుంటారంట, కిలోకి పది గ్రాముల లెక్కన సున్నం వేసిన నీళ్లలో ఉడకబెట్టి, రాత్రంతా అదే నీళ్లలో నానబెడతారు. సున్నం అంటే తాంబూలంలోకి వేసుకునేదే. పొద్దున్నే ఆ గిన్నెలో చెయ్యి పెట్టి గింజల్ని రుద్దితే పైపొట్టు జారిపోతుంది, నాకు ఒక గింజ చేతిలో పెట్టినాడు, వేళ్ల మధ్య నలిపితే సన్నటి పొర చిక్కుడుగింజ తొక్క మాదిరి ఊడొచ్చింది, లోపల గింజ పసుపు రంగు ముదిరి, సబ్బు రాసినట్టు జారతాంది. వాటిని రెండు మూడు నీళ్లలో కడిగి తడిగా ఉండంగానే రుబ్బుతారు, అదే ముద్ద. సున్నంలో నానకపోతే మొక్కజొన్న పిండి ముద్ద కట్టదు, రొట్టె వెయ్యబోతే అంచులు పగిలి విడిపోతుంది. మన జొన్నపిండికి ఉడుకునీళ్లు పోస్తే గానీ జిగురు రాదు కదా, వాళ్లు ఆ పని సున్నంతో చేసినారు. ఇట్లా ఉడికించిన గింజల్ని నిక్స్తమాల్ అంటారు, పాత మెక్సికో భాషలో బూడిద అన్న మాటలోంచి వచ్చిన పేరు.

ఇందులో ఒంటికి సంబంధించిన సంగతి కూడా ఉంది. మొక్కజొన్నలో బి3 విటమిన్ ఉంటుంది గానీ మన కడుపుకి అందకుండా బిగుసుకుని ఉంటుంది, సున్నం దాన్ని విడిపిస్తుంది. అమెరికా ఖండం నుంచి యూరప్ వాళ్లు మొక్కజొన్న తీసుకుపోయినారు గానీ సున్నం సంగతి ఆడనే వదిలేసినారు, ఉత్తర ఇటలీలో, తర్వాత అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పేదలు మూడుపూటలా అదే తిని పెల్లగ్రా అనే జబ్బు పడినారు, చర్మం పొక్కిపోయి, మతి చెడి, ప్రాణాలు పోయినాయి. మెక్సికోలో వేల ఏళ్లుగా మొక్కజొన్నే తిన్నా ఆ గోల పెద్దగా లేదు. ఏ డాక్టరు చెప్పకుండా అవ్వలు కనిపెట్టినారు ఆ పద్ధతి, అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. నాపరాయి అంటే సున్నపురాయే కదా, ఆలోచిస్తే ఆ హోటల్లో గోడ సున్నపురాయి, కింద బండ సున్నపురాయి, రొట్టెలో కూడా సున్నపురాయిని కాల్చి తీసిన సున్నమే. వంటాయనకి ఈ మాట చెప్తే, ఓనర్ కట్టేటప్పుడు అదే చెప్పినాడు సార్, కానీ మెనూలో రాస్తే జనం భయపడతారని రాయలేదు అన్నాడు. రాయండి అని చెప్పొచ్చినా. మన జనం ఆకు, వక్క, సున్నం తిని పెరిగినోళ్లే, ఎందుకు భయపడతారు?

పెనం మీద కాల్చడం కూడా చూసినాం. నిమ్మకాయంత ముద్ద తీసి రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి చెక్క ప్రెస్‌తో ఒత్తి ఎండు పెనం మీద వేస్తాడు, చుక్క నూనె లేదు. ఒకపక్క కొన్ని సెకన్లు, తిప్పి ఇంకోపక్క, మళ్లీ తిప్పి వేలితో మెల్లగా ఒత్తితే బుస్సున పొంగింది. అమ్మ నవ్వింది, పొంగిన రొట్టె చూస్తే ఏ ఊరి ఆడమనిషైనా నవ్వుతుంది.

ఆ టోర్టియాలతో తినాల్సింది చికెన్ పిబిల్. జాఫ్రా గింజల ముద్ద, పులుపు, మిరియం పట్టించి అరిటాకులో చుట్టి ఉడికిస్తారు, యుకటాన్‌లో అయితే భూమిలో గుంత తీసి నిప్పుల మీద పెట్టి కప్పేస్తారంట, పిబ్ అంటేనే ఆ గుంత. ఆడ పుల్ల నారింజ వాడతారు, ఇక్కడ చీనీకాయ రసంలో నిమ్మరసం కలిపినారు, చీనీ వాసన తెలుస్తాంది, నాకైతే శానా నచ్చింది. మాంసం దారాల మాదిరి విడిపోయి ఎర్రగా ఉంటుంది, పైన పులుపులో ఊరిన గులాబీ రంగు ఉల్లిపాయలు. మూడు టాకోలు, అంటే ఆ మాంసం పెట్టి మడిచిన టోర్టియాలు, 290 రూపాయలు. కారం మన లెక్కకి తక్కువే, పక్కన ఇచ్చే పచ్చడి వేసుకోవాల.

ఆ పచ్చడి గురించి కూడా చెప్పాల, టమోటా, పచ్చిమిరప, ఉల్లిపాయ, వెల్లుల్లి పెనం మీద నల్లగా కాల్చి రోట్లో దంచుతారు. నల్లరాతి చిన్న రోలు, మూడు కాళ్లు ఉంటాయి, టేబుల్ మీదకే తెచ్చి దంచి పెడతారు. మా ఆవిడ ఒక్క స్పూన్ తిని ఇది మా పుట్టింటి కాల్చిన టమోటా పచ్చడే, పోపు ఒక్కటి తక్కువ అన్నది. నిజమే, ఆలోచిస్తే టమోటా, మిరపకాయ రెండూ ఆ పక్క నుంచి వచ్చినవే కదా, పోర్చుగీసు వాళ్లు ఓడల్లో తెచ్చేదాకా మిరపకాయ మన దేశంలో లేదు. రాయలసీమ నుంచి మిరపకాయ, చెనిక్కాయ, టమోటా తీసేస్తే మన పచ్చళ్లలో ఏం మిగులుతుంది? గుమ్మడి గింజలు వేయించి కాల్చిన టమోటాతో నూరిన ఇంకో పచ్చడి ఉంది, సికిల్ పాక్ అని మాయా పేరు, తప్పకుండా అడగండి, మన ఊరిబిండి మాదిరి బరకగా ఉంటుంది, టోర్టియా ముంచుకుని తింటే ఆగలేం. అమ్మ రెండోసారి అడిగి పెట్టించుకుంది. 120 రూపాయలు.

తాగడానికి ఎర్రటి షర్బత్ తెచ్చినారు, మెనూలో హమైకా అని ఉంది. తాగితే పుల్లగా, ఎక్కడో తాగినట్టే ఉంది. అది గోంగూర! ఆకు కాదు, ఎర్ర గోంగూర పువ్వు రాలిపోయినాక కాయ చుట్టూ మందంగా ఎర్రగా మిగులుతాయి చూడండి రేకులు, వాటిని ఎండబెట్టి మరగబెట్టి చక్కెర వేసి చల్లారుస్తారు. మన పొలం గట్ల మీద అవి ఎండి రాలిపోతుంటాయి, ఎవరూ పట్టించుకోరు. 90 రూపాయలు, గ్లాసు పెద్దది. ఎండన పడి పోయినోళ్లు మొదట ఇదే చెప్పండి.

ఇక నచ్చనివి. మోలే అని ఒక చికెన్ గ్రేవీ, ఎండుమిరప, నువ్వులు, చెనిక్కాయలు, చెక్క, లవంగం, కొద్దిగా చాక్లెట్ వేసి చేస్తారు, సామాన్లు చదివితే మన గుత్తివంకాయ మసాలానే అనిపిస్తుంది, ఎంతో ఆశగా చెప్పినా. చాక్లెట్ కొద్దిగా ఉండాల్సింది తీపి తెలిసేంత వేసినారు, పైగా గోరువెచ్చగా వచ్చింది. మిరపకాయ ముందు రావాల, చాక్లెట్ వెనకాల ఎక్కడో ఉండాల. వంటాయనకి చెప్తే ఒప్పుకున్నాడు, పిల్లలు తీపి అడుగుతున్నారు సార్ అన్నాడు. బుధవారం పోయినప్పుడు మళ్లీ తిన్నా, తీపి తగ్గింది, వేడిగా వచ్చింది, ఇంకా రోంత కారం పడాల.

బటర్ ఫ్రూట్ మెదిపి చేసే గ్వాకమోలే 340 రూపాయలు, రెండు గరిటెలు కూడా లేదు. బటర్ ఫ్రూట్ ధర నాకూ తెలుసు, మన ఎండల్లో పండవు, బయట నుంచి రావాల, అయినా ఆ ధరకి ఆ గిన్నె చిన్నది. నాచోస్ ప్యాకెట్ చిప్స్ మీద ప్యాకెట్ చీజ్ పోసి ఇస్తున్నారు. లోపల అంత మంచి ముద్ద పెట్టుకుని, మిగిలిన టోర్టియాలు కోసి వేయించినా అంతకంటే వందరెట్లు బాగుంటాయి. ఇంక మెక్సికన్ బిర్యానీ అని ఒకటి ఉంది, మా మేనల్లుడు పట్టుబట్టి చెప్పించుకున్నాడు, బిర్యానీ అన్నంలో రాజ్మా, స్వీట్ కార్న్, చీజ్ కలిపినారు, అది బిర్యానీ కాదు, మెక్సికన్ కాదు, వాడే సగం వదిలేసినాడు. బాధేందంటే చుట్టూ ఉన్న ఎనిమిది టేబుళ్లలో ఆరింటి మీద ఈ బిర్యానీ, నాచోసే ఉన్నాయి. టోర్టియా గంప మా టేబుల్ మీద, ఇంకో టేబుల్ మీద, అంతే. రోజూ నాలుగు కిలోల మొక్కజొన్న నానబెడుతున్నాం సార్, సగం మిగిలిపోతే స్టాఫ్ తింటున్నాం, ఇట్లనే పోతే ఓనర్ ఆపేయమంటాడు అని వంటాయన చెప్పినాడు. అది విన్నప్పటి నుంచి నాకు మనసులో పడింది, ఈ రివ్యూ రాయడానికి అదే కారణం. దయచేసి పోయినోళ్లు టోర్టియా అడగండి. విడిగా కూడా ఇస్తారు, ఒకటి 25 రూపాయలు.

వెయిటింగ్ గురించి. ఆదివారం మాకు తిండి రావడానికి నలభై నిమిషాలు పట్టింది, పెనం దగ్గర ఒక్కడే ఉన్నాడు, పిల్లలున్నోళ్లు ముందు సికిల్ పాక్ చెప్పుకుని కూర్చోండి. బుధవారం పావుగంటలో వచ్చేసింది.

మెట్లకి పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఇది చిన్న విషయం కాదు. వెలుతురు తక్కువ, మెట్లు ఎగుడుదిగుడుగా కావాలనే కట్టినారు, అమ్మకి మోకాళ్ల నొప్పులు, నేనొక చెయ్యి మా ఆవిడొక చెయ్యి పట్టుకుని దించినాం. ఒంటరిగా వచ్చే పెద్దవాళ్ల పరిస్థితేంది? లోపల కప్పు నుంచి వేలాడే సిమెంటు కొమ్ములు రెండు మూడు చోట్ల బాగా కిందకి ఉన్నాయి, మా మేనల్లుడు చెయ్యి కడుక్కుని వస్తా నుదురు కొట్టుకున్నాడు, బొప్పి కట్టింది. స్టాఫ్ వెంటనే ఐస్ తెచ్చి పెట్టినారు, సారీ చెప్పినారు, అది మెచ్చుకోవాల. కానీ బుధవారం పోయి చూస్తే ఆ కొమ్ము అట్లనే ఉంది. దానికి కనీసం ఒక గుడ్డైనా చుట్టాల, లేదా దాని కింద నడవకుండా ఒక పూలకుండీ పెట్టాల. ఇంకోసారి ఎవరి పిల్లో కన్నుకి తగిలితే ఏమైతుంది?

బిల్లులో సర్వీస్ ఛార్జ్ అని పది శాతం, 196 రూపాయలు కలిపినారు. బిల్లులో దానంతట అదే సర్వీస్ ఛార్జ్ కలపకూడదని కేంద్ర వినియోగదారుల సంస్థ 2022లోనే చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే సమర్థించింది. మర్యాదగా చెప్తే మాట్లాడకుండా తీసేసినారు, ఐదుగురికి జీఎస్టీతో కలిపి 2,058 అయింది. మీరూ బిల్లు చూసుకుని కట్టండి. నేను ఆ వంద రూపాయల నోట్లు రెండు పెనం దగ్గరి అబ్బాయి చేతిలో పెట్టొచ్చినా.

ఇంకో సంగతి చెప్పడం మరిచినా. గుండం పక్కన గోడలో గూడు మాదిరి చేసి, మెట్లు మెట్లుగా గుడ్డ పరిచి బంతిపూలు, దీపాలు, పండ్లు, పాత ఫోటోలు పెట్టినారు. మెక్సికోలో నవంబరు ఒకటి, రెండు తేదీల్లో చనిపోయిన పెద్దలు ఇంటికి వస్తారని నమ్ముతారు, ఇట్లా పీఠం పెట్టి వాళ్లకి ఇష్టమైనవన్నీ వండి పెడతారు, ఆ దారి కనపడాలని బంతిపూలు పరుస్తారు. బంతిపువ్వు కూడా ఆ దేశందే. అమ్మకి చెప్తే, "మనం పెద్దలకి పెట్టినట్టే కదరా, మహాలయ అమావాస్యకి" అని ఆ ఫోటోల్లో ఉన్నది ఎవరో తెలియకపోయినా చెప్పులు పక్కకి విడిచి దండం పెట్టుకుంది. ఆడనే ఇద్దరు పిల్లలు పుర్రె మాస్కులు పెట్టుకుని సెల్ఫీలు దిగుతా దీపం తన్నేసినారు. తప్పు పిల్లలది కాదు, మాస్కులు గూడు పక్కనే తగిలించినారు, హోటలోళ్లే. మాస్కులు తీసుకుపోయి వాకిలి దగ్గర పెట్టమని మేనేజర్‌కి చెప్పినా. బుధవారానికి మార్చినారు, గూడు ముందర చిన్న తాడు కూడా కట్టినారు. చెప్తే వినే మనుషులు, అందుకే కమ్మీ సంగతి మళ్లీ మళ్లీ చెప్తున్నా.

సోమవారం సెలవు. మిగతా రోజుల్లో పన్నెండు నుంచి మూడున్నర, సాయంత్రం ఏడు నుంచి పదిన్నర. కారు పార్కింగ్ లేదు, టైర్ల షాపాయన ఆదివారం మూసేస్తాడు కాబట్టి ఆ రోజు ఆయన ముందర పెట్టుకోవచ్చు. పొద్దున రుబ్బిన ముద్ద రాత్రి తొమ్మిదిలోపల వాడేస్తారు, ఆ తర్వాత అడిగితే మైదావే ఇస్తారు, కాబట్టి పోయేముందు ఫోన్ చేసి మొక్కజొన్నవి ఉన్నాయా అని కనుక్కోండి. వచ్చేటప్పుడు వంటాయన అమ్మకి నానిన గింజలు ఒక కవర్ నిండా ఇచ్చినాడు. మర్నాడు పొద్దున అమ్మ వాటిని రోట్లో వేసి రుబ్బింది, మొదటి మూడు రొట్టెలు పెనానికి అంటుకుపోయినాయి, నాలుగోది పొంగింది, నాయన ఫోటో ముందర పెట్టి తర్వాత నాకు పెట్టింది.